పిల్లలు ఎత్తు పెరగట్లేదా? గ్రోత్ హార్మోన్ టెస్టుకు ముందు, టెస్టు రోజు, ఆ తర్వాత

తిరుపతిలో ఏ పిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నా వినపడే మాట ఒకటుంది: "మావాడు క్లాసులో అందరికన్నా పొట్టి సార్, ఆ గ్రోత్ హార్మోన్ టెస్టు రాసేయండి." గ్రోత్ హార్మోన్ అంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే, పిల్లల ఎత్తు పెంచే హార్మోన్. నేను ఈ టెస్టులు చేసే డేకేర్ వార్డులో నర్సుని. పొద్దున్నే పుత్తూరు నుంచో పీలేరు నుంచో పరగడుపున పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మానాన్నల్ని చూస్తుంటాను. వాళ్ళలో చాలామంది దగ్గర రిపోర్టుల కట్ట ఉంటుంది కానీ, గత ఏడాది పిల్లోడి ఎత్తు ఎంత అని అడిగితే చెప్పలేరు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే. దానికి పైసా ఖర్చు లేదు, సూది గుచ్చేదీ లేదు. హార్మోన్ టెస్టు చివర్లో వచ్చేది, దానికి ముందు చేయాల్సినవి సరిగ్గా చేస్తే ఎక్కువమంది పిల్లలకు అసలు అక్కడిదాకా రావాల్సిన పనే ఉండదు. అందుకే వరసగా చెప్తాను.

ముందు, ఆగకుండా వెళ్ళాల్సిన వాళ్ళు

కింద చెప్పే "ఏడాది గమనించండి" అనే మాట కొందరికి వర్తించదు. ఎదుగుదల ఆగడంతో పాటు తలనొప్పి, పొద్దున లేవగానే వాంతులు, చూపు మందగించడం, విపరీతమైన దాహం, రాత్రిళ్ళు పదే పదే మూత్రానికి లేవడం ఉంటే వెంటనే చూపించండి, మెదడులో పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉన్నా ఇలాగే ఉంటుంది. పుట్టిన కొత్తల్లో షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చిన పిల్లలు, కామెర్లు ఎంతకీ తగ్గని పిల్లలు, పురుషాంగం మరీ చిన్నగా ఉన్న మగపిల్లలు, గ్రహణం మొర్రి ఉన్నవాళ్ళు, పైన ముందుపన్ను మధ్యలో ఒక్కటే వచ్చినవాళ్ళు, తలకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళు ఎత్తులో వెనకబడుతున్నారంటే ఇంట్లో ఆగొద్దు. ఆడపిల్ల మరీ పొట్టిగా ఉంటే కూడా త్వరగా చూపించాలి, దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి పని: ఎత్తు సరిగ్గా కొలవడం

చాప తీసేసి గట్టి నేల మీద, కింద టైల్ పట్టీ ముందుకు పొడుచుకురాని గోడకు ఆనించి నిలబెట్టండి. చెప్పులు, సాక్సులు తీసేయాలి. ఆడపిల్లలకు జడ, కొప్పు, క్లిప్పులు విప్పేయాలి, ఒక్క కొప్పు వల్లే రెండు సెంటీమీటర్లు ఎక్కువ రాసిన రిపోర్టులు చూశాను. మడమలు, పిరుదులు, వీపు గోడకు తగలాలి, చూపు నేరుగా ముందుకు ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు నిటారుగా ఆనించి నెత్తి మీద జుట్టు అణిగేలా దించి, దాని కింది అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. స్టీల్ టేపుతోనే కొలవండి. టైలర్ దగ్గరుండే గుడ్డ టేపు సాగుతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీసి తేదీతో రాయండి. సాయంత్రానికి మనిషి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే పూట, వీలైతే పొద్దున పూట కొలవండి. రెండేళ్ళ లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, అది ఆసుపత్రిలోనో అంగన్‌వాడీలోనో చేయించడమే మంచిది.

ఇంకో విషయం. అసలు పుట్టిన తేదీ వాడండి. మన దగ్గర బళ్ళో చేర్చడానికి ఆరు నెలలో ఏడాదో ఎక్కువ వేయించడం మామూలే, ఆధార్‌లో కూడా అదే పడుతుంది. ఆ తేదీతో చూస్తే బాగానే ఎదుగుతున్న పిల్లోడు కూడా పొట్టివాడిగా తేలతాడు. డాక్టరు దగ్గర ఈ నిజం దాచొద్దు. కాగితం మీద ఏముందో అడిగేవాళ్ళు అక్కడెవరూ లేరు.

రెండో పని: చార్టులో పెట్టి చూడటం

ఐదేళ్ళ లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులు, 5 నుంచి 18 ఏళ్ళ వరకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులు వాడతారు. నెట్‌లో దొరికే అమెరికా చార్టులో మన పిల్లల్ని పెడితే అనవసరంగా టెన్షన్ పడతారు. చార్టులో కింది గీత మూడో పర్సెంటైల్, అంటే అదే వయసున్న వందమంది ఆరోగ్యవంతుల్లో ముగ్గురు ఆ గీత కిందే ఉంటారని అర్థం. కాబట్టి గీత కింద ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, చూడాల్సిన పిల్లోడని మాత్రమే.

ఇప్పుడు అమ్మానాన్నల ఎత్తు. మగపిల్లోడికైతే తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కలిపి దానికి 13 సెం.మీ. కూడి సగం చేయాలి. ఆడపిల్లకైతే 13 తీసేసి సగం చేయాలి. తండ్రి 168, తల్లి 150 అనుకుంటే కొడుక్కి 165.5, కూతురికి 152.5 వస్తుంది. దీనికి అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల దాకా తేడా మామూలే. పిల్లోడు వెళ్తున్న గీత పద్దెనిమిదేళ్ళకు ఈ హద్దులోకి చేరేలా ఉంటే అది ఇంటి పోలిక, హార్మోన్ సమస్య కాదు. ఇద్దరినీ గోడ దగ్గర నిలబెట్టి నిజంగా కొలవండి, "ఆయన ఐదున్నర అడుగులు ఉంటారు" అని నోటి లెక్క చెప్పడం వల్ల చాలా తేడా వస్తుంది. ఒకవేళ తల్లో తండ్రో మరీ పొట్టిగా ఉంటే మాత్రం "మా వంశమే అంత" అని వదిలేయకండి, వాళ్ళకే తెలియని ఎముకల సమస్యో జన్యు సమస్యో ఉండొచ్చు.

మూడో పని: ఏడాదికి ఎంత పెరుగుతున్నాడు?

ఇదే అసలు సంగతి. పుట్టినప్పుడు బిడ్డ సుమారు 50 సెం.మీ. ఉంటుంది, మొదటి ఏడాదిలో 25 దాకా, రెండో ఏడాదిలో పన్నెండు దాకా పెరుగుతుంది, నాలుగేళ్ళకు మీటరు దగ్గరికి వస్తుంది. అక్కణ్ణించి యవ్వనం మొదలయ్యేదాకా ఏటా ఐదారు సెంటీమీటర్లు. ఐదేళ్ళు దాటిన పిల్లోడు ఏడాదికి నాలుగు కన్నా తక్కువ పెరుగుతుంటే, ప్రస్తుతం చార్టులో ఎక్కడున్నా సరే, చూపించాలి. క్లాసులో చివరి బెంచీలో కూర్చునే ఎత్తు ఉన్నా, రెండేళ్ళలో పై గీత నుంచి రెండు గీతలు కిందికి జారితే అది సమస్యే. అదే ఎప్పుడూ కింది గీత పక్కనే ఉంటూ ఏటా ఐదు పెరిగే పాపకు చాలాసార్లు ఏమీ ఉండదు.

కనీసం ఆరు నెలల తేడాతో, వీలైతే ఏడాది తేడాతో కొలిచిన రెండు ఎత్తులు కావాలి. మూడు నెలలకే లెక్క కట్టొద్దు. కొలవడంలో ఒక సెంటీమీటరు తప్పు పడితే ఏడాదికి లెక్కేసేసరికి నాలుగు సెంటీమీటర్ల తప్పవుతుంది, అంటే మామూలుగా ఎదిగే పిల్లోడు ఎదగనట్టు, ఎదగని పిల్లోడు ఎదుగుతున్నట్టు కనపడతాడు. పాత ఎత్తులు ఏమీ లేవా? బడి హెల్త్ కార్డు, అంగన్‌వాడీ వాళ్ళిచ్చిన తల్లీబిడ్డల కార్డు, టీకాల పుస్తకం వెతకండి. ఏదో ఒకటి దొరుకుతుంది.

నాలుగో పని: బరువుతో కలిపి చూడటం, ఫైల్ తయారుచేయడం

పొట్టిగా, బక్కగా ఉంటే ముందు తిండి, పేగులు, కిడ్నీలు, పాత జబ్బులు చూడాలి. తిండి చాలకపోతే ముందు బరువు తగ్గుతుంది, ఎత్తు తర్వాత ఆగుతుంది. పొట్టిగా, బొద్దుగా ఉంటే హార్మోన్ వైపు చూడాలి. ఎందుకంటే ఎక్కువ తిని లావైన పిల్లలు మామూలుగా వయసుకు మించి ఎత్తుంటారు. గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పిల్లల ముఖం వయసు కన్నా చిన్నగా, బొమ్మలా గుండ్రంగా, నుదురు ముందుకు వచ్చినట్టు ఉంటుంది, పొట్ట దగ్గర కొవ్వు ఉంటుంది, గొంతు సన్నగా ఉంటుంది. అవ్వలు "వీడు చూడ్డానికి ఇంకా పసిబిడ్డే" అని ముద్దు చేసే పిల్లల్లో కొందరు వీళ్ళే.

ఫైల్‌లో పుట్టినప్పటి బరువు, నెలలు నిండాయా లేదా, కాన్పు ఎలా జరిగింది, తల్లి మెచ్యూర్ అయిన వయసు, తండ్రికి మీసాలు ఎప్పుడొచ్చాయి, ఎత్తు ఎప్పటిదాకా పెరిగాడు, ఇవన్నీ రాయండి. నాన్న పదో తరగతిలో పొట్టిగా ఉండి ఇంటర్లో ఒక్కసారిగా పెరిగి ఉంటే కొడుకూ అలాగే ఆలస్యంగా ఎదిగే అవకాశం బాగా ఉంది. వాడుతున్న మందులన్నీ రాయండి. ముఖ్యంగా ఆయాసానికి ఊళ్ళో ఇచ్చే పేరులేని పొట్లాల మందుల గురించి తప్పకుండా చెప్పండి, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే ఎదుగుదల ఆగిపోతుంది.

ఐదో పని: మొదటి విడత పరీక్షలు

ఇక్కడ పిల్లల డాక్టరు చాలు. రక్తంలో సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్, కిడ్నీలకు క్రియాటినిన్, లివర్ పరీక్షలు, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రక్తంలో ఆమ్లం ఎక్కువైందా చూసే పరీక్ష, మూత్ర పరీక్ష, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు టీటీజీ యాంటీబాడీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను నడిపించే పిట్యూటరీ హార్మోన్, టీ4 థైరాయిడ్ వదిలే హార్మోన్. ఈ ఫ్రీ టీ4 అడిగి మరీ చేయించండి. పిట్యూటరీలోనే లోపం ఉంటే టీఎస్‌హెచ్ మామూలుగా వచ్చి మోసం చేస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉంటే మందు వేసి సరిచేసి, ఎదుగుదల మళ్ళీ చూశాకే ముందుకెళ్ళాలి. థైరాయిడ్ తక్కువున్నప్పుడు గ్రోత్ హార్మోన్ టెస్టు చేస్తే తప్పుడు రిపోర్టు వస్తుంది.

కారణం తెలియకుండా పొట్టిగా ఉన్న ప్రతి ఆడపిల్లకూ క్రోమోజోమ్ పరీక్ష చేయించాలి. టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంత భాగమో లేకపోవడం) ఉన్న అమ్మాయిల్లో కొందరికి ఎత్తు తక్కువ తప్ప బయటికి వేరే గుర్తే కనపడదు. "అలాంటి పరీక్షా, రేపు పెళ్ళికి ఇబ్బంది అవుతుందేమో" అని వద్దనుకునే ఇళ్ళు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. టర్నర్‌తో పాటు గుండె, కిడ్నీ సమస్యలు ఉండొచ్చు, అవి ముందే తెలియడం ఆ పిల్లకు ప్రాణాధారం.

ఎడమ చేతి ఎక్స్‌రే ఒకటి తీస్తారు, మణికట్టుతో సహా. వేళ్ళ ఎముకలు, మణికట్టు ఎముకలు ఎంతవరకు తయారయ్యాయో చూసి ఎముకల వయసు లెక్కకడతారు. ఇంటి పోలికతో పొట్టి అయితే ఎముకల వయసు అసలు వయసుతో సమానంగా ఉంటుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లలకు వెనకబడి ఉంటుంది. అయితే థైరాయిడ్ తక్కువైనా, గ్రోత్ హార్మోన్ తక్కువైనా అది వెనకబడే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చూసి ఎవరూ తేల్చి చెప్పలేరు. మళ్ళీ ఆ ఏడాది ఎత్తు లెక్క దగ్గరికే రావాలి.

ఆరో పని: ఐజీఎఫ్-1

గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు, ముఖ్యంగా గాఢనిద్రలో విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో దాదాపు సున్నాకు పడిపోతుంది. మున్సిపాలిటీ కుళాయి మధ్యాహ్నం తిప్పి చూసి ఊళ్ళో నీళ్ళే లేవన్నట్టు, ఎప్పుడో ఒకప్పుడు రక్తం తీసి హార్మోన్ లేదనడం తప్పు. అందుకే ఊరికే చేసే "గ్రోత్ హార్మోన్ లెవెల్" టెస్టుకు డబ్బులు పెట్టొద్దు. షుగర్ పడిపోయిన పసికందుల విషయం వేరు, వాళ్ళకు అది పనికొస్తుంది.

ఆ హార్మోన్ ప్రభావంతో లివర్ తయారుచేసే ఐజీఎఫ్-1 రోజంతా నిలకడగా ఉంటుంది, దానికి పరగడుపున ఉండక్కర్లేదు. వయసుకు, ఆడ మగ తేడాకు, యవ్వనం ఏ దశలో ఉందో దానికి తగిన హద్దులతోనే పోల్చాలి. పద్నాలుగేళ్ళొచ్చినా యవ్వనం మొదలుకాని పిల్లోడిని అదే వయసు మిగతా పిల్లలతో పోలిస్తే తక్కువ కనపడుతుంది. తిండి చాలకపోయినా, లివర్ బాగాలేకపోయినా, థైరాయిడ్ తక్కువైనా ఇది తగ్గుతుంది. ఎదుగుదల బాగుండి ఐజీఎఫ్-1 కూడా బాగుంటే చాలావరకు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఏడో పని: స్టిమ్యులేషన్ టెస్టు

ఇక్కడి నుంచి ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు ఉండాలి. తిరుపతి చుట్టుపక్కల వాళ్ళకు స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. ఎక్కడికెళ్ళినా ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఏ మందుతో టెస్టు చేస్తారు, టెస్టంతా అయ్యేదాకా డాక్టరు దగ్గర్లో ఉంటారా, శాంపిల్ ఏ ల్యాబ్‌కు వెళ్తుంది.

హార్మోన్ ఎంత విడుదల చేయగలదో చూడటానికి పిట్యూటరీని మందుతో కదిలించి, గంటల తరబడి విడతలుగా రక్తం తీయడమే ఈ టెస్టు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఒక్కోసారి ఒక టెస్టులో ఫెయిల్ అవుతారు కాబట్టి రెండు వేర్వేరు మందులతో చేస్తారు, ఒకే రోజు వెంటవెంటనే చేయొచ్చు, వేరే రోజూ చేయొచ్చు. పిట్యూటరీలో లోపం ముందే తెలిసి, ఇంకో హార్మోన్ కూడా తక్కువగా ఉండి, ఎదుగుదల ఆగిపోయిన పిల్లలకు ఈ టెస్టు అక్కర్లేదు.

పదేళ్ళు దాటినా యవ్వనం మొదలుకాని ఆడపిల్లలకు, పదకొండు దాటిన మగపిల్లలకు టెస్టుకు కొన్ని రోజుల ముందు ఈస్ట్రోజెన్ మాత్రలో టెస్టోస్టెరాన్ ఇంజెక్షనో ఇవ్వొచ్చు. వినగానే భయపడతారు. ఆ వయసులో సెక్స్ హార్మోన్లు తక్కువగా ఉంటే గ్రోత్ హార్మోన్ కూడా మందకొడిగా వస్తుంది, ఆలస్యంగా ఎదిగే మామూలు పిల్లోడికి జబ్బని ముద్రపడుతుంది. ఏళ్ళ తరబడి అక్కర్లేని ఇంజెక్షన్లు తప్పించడానికే ఈ చిన్న మోతాదు.

టెస్టు వారం ముందు నుంచి: జ్వరం, జలుబు ఉంటే వాయిదా వేయించుకోండి. జుట్టు కోసమో గోళ్ళ కోసమో బయోటిన్ ఉన్న విటమిన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది ఫలితాన్ని పాడుచేస్తుంది. స్టెరాయిడ్ వాడుతుంటే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. ముందు రాత్రి అన్నమో సంగటో కడుపునిండా పెట్టి, తర్వాత ఎనిమిది నుంచి పది గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు, తాగితే నరం కూడా సులభంగా దొరుకుతుంది.

క్లోనిడిన్ టెస్టులో మాత్ర నోటితో ఇస్తారు, మోతాదు బరువునో శరీర వైశాల్యాన్నో బట్టి. నరంలో ఉంచే సన్న గొట్టం, క్యాన్యులా, ఒక్కసారి పెట్టి, మాత్రకు ముందు ఒకటి, తర్వాత 30, 60, 90, 120 నిమిషాలకు రక్తం తీస్తారు, కాబట్టి ప్రతిసారీ గుచ్చరు, ఈ మాట పిల్లోడికి ముందు రోజే చెప్పండి. క్లోనిడిన్ అసలు బీపీ మందు. పిల్లోడు మత్తుగా పడుకుంటాడు, ముఖం పాలిపోతుంది, బీపీ తగ్గుతుంది. ఇది మామూలే, కానీ మంచం దిగనివ్వకండి, బాత్రూమ్‌కు ఒంటరిగా పంపకండి, బీపీ మరీ తగ్గితే సెలైన్ ఎక్కిస్తాం. అయిపోయాక ఉప్పు తగిలే టిఫిన్, నీళ్ళు ఇవ్వాలి. లేచి నడిచినా తల తిరగనప్పుడే ఇంటికి. ఇది మరీ మరీ చెప్తున్నాను, మత్తులో ఉన్న పిల్లోడిని బైక్ మీద ముందు కూర్చోబెట్టుకొని తీసుకెళ్ళకండి. మధ్యాహ్నం బస్సో ఆటోనో చూసుకోండి.

గ్లూకగాన్ (షుగర్ పెంచే హార్మోన్) టెస్టు చిన్నపిల్లలకు ఎక్కువ వాడతారు. కండకు ఒక ఇంజెక్షన్, తర్వాత మూడు గంటల దాకా శాంపిళ్ళు. హార్మోన్ ఇందులో ఆలస్యంగా, రెండు మూడు గంటలకు పైకొస్తుంది, కాబట్టి "రెండు గంటలు చాలు, వెళ్ళండి" అంటే ఒప్పుకోకండి. వికారం, వాంతులు, కడుపునొప్పి ఉంటాయి. షుగర్ ముందు పెరిగి తర్వాత పడిపోవచ్చు, అందుకే మధ్యమధ్యలో గ్లూకోమీటర్‌తో చూస్తాం, అయ్యాక బాగా తిన్నాడని చూసుకున్నాకే పంపుతాం.

ఇన్సులిన్ టెస్టులో షుగర్‌ను కావాలనే 40 కిందికో సగానికో దించుతారు. కార్టిసోల్ (జబ్బు, ఒత్తిడి తట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్) కూడా దీంతోనే తెలుస్తుంది కానీ ప్రమాదం ఎక్కువ. ఫిట్స్ ఉన్నవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, మరీ చిన్నపిల్లలకు చేయకూడదు. అనుభవమున్న డాక్టరు పక్కనే నిలబడి, గ్లూకోజ్ చేతికందేలా పెట్టుకొని చేయాల్సిన టెస్టు, ఇల్లు లాంటి చిన్న ల్యాబ్‌లో ఎవరైనా చేస్తామంటే లేచి వచ్చేయండి.

ఒక చిన్న పని మీరే చేయొచ్చు. ప్రతి ట్యూబు మీద పేరు, టైము రాశారా అని చూడండి. ట్యూబులు తారుమారైతే ఇంత కష్టమూ వృథా.

ఎనిమిదో పని: రిపోర్టు చదవడం

శాంపిళ్ళన్నిటిలో ఎక్కువ వచ్చిన అంకె ఒక్కటే లెక్క. మొదటి శాంపిల్ 0.3 వచ్చిందని ఏడవకండి, పరగడుపున అలాగే ఉంటుంది. ముందు యూనిట్లు చూడండి: ఒక నానోగ్రాము అంటే మూడు మైక్రో యూనిట్లు, కాబట్టి ఒక ల్యాబ్‌లో 30, ఇంకో ల్యాబ్‌లో 10 ఒకటే కావొచ్చు. పాతకాలం నుంచి మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు దాటితే పాస్ అనేవాళ్ళు, ఇప్పటి ల్యాబ్ పద్ధతుల్లో 7 దగ్గర గీత పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. రెండు టెస్టుల్లోనూ 2, 3 వస్తే సందేహం తక్కువ. 6, 8 లాంటివి వస్తే అంకె మీద తీర్పు చెప్పకూడదు. లావుగా ఉన్న పిల్లల్లో హార్మోన్ ఎలాగూ తక్కువే వస్తుంది. ఏడాది ఎదుగుదల, ఎముకల వయసు, ఐజీఎఫ్-1 అన్నీ ఒకే వైపు చూపిస్తేనే జబ్బని నమ్మండి. అంకె తక్కువొచ్చి, పిల్లోడు మాత్రం ఏటా ఐదున్నర పెరుగుతుంటే, నా మాటగా చెప్తున్నాను, ఇంకో ఆరు నెలలు గోడ దగ్గర కొలవండి, ఇంకో డాక్టరుకూ చూపించండి.

తర్వాత

లోపం ఖాయమైతే పిట్యూటరీకి ఎంఆర్ఐ తీయాలి, గడ్డ ఉందా, గ్రంథి చిన్నదిగా ఉందా, దాన్ని మెదడుకు కలిపే కాడ తెగి ఉందా చూడటానికి. పొద్దున ఎనిమిదింటి కార్టిసోల్ కూడా చూస్తారు. కార్టిసోల్, థైరాయిడ్ రెండూ తక్కువుంటే స్టెరాయిడ్ మొదలుపెట్టాకే థైరాయిడ్ మాత్ర వేయాలి, తారుమారైతే ప్రాణం మీదికొస్తుంది.

వైద్యం అంటే రోజూ రాత్రి చర్మం కిందికి ఇచ్చే ఇంజెక్షన్, వారానికోసారి ఇచ్చేవి కూడా వచ్చాయి. ఏళ్ళ తరబడి సాగుతుంది, ఖర్చు బాగా ఎక్కువ, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. 1985 దాకా ఈ హార్మోన్‌ను చనిపోయినవాళ్ళ పిట్యూటరీల నుంచి తీసేవారు, దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకడంతో ఆపేశారు. ఇప్పుడు ల్యాబ్‌లో తయారయ్యేదే వాడుతున్నారు, ఆ భయం అక్కర్లేదు. నోటితో తీసుకునే గ్రోత్ హార్మోన్ అంటూ ఏదీ లేదు. అది ప్రోటీన్, కడుపులో అరిగిపోతుంది. ఎత్తు పెంచే పొడి అని అమ్మేవాటికి ఆ డబ్బు పెట్టే బదులు గుడ్లు, పాలు, చెనిక్కాయలు పెట్టండి. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఇంజెక్షన్ కూడా పనిచేయదు. ఆడపిల్లలు మెచ్యూర్ అయ్యాక చాలావరకు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే పెరుగుతారు కాబట్టి, అనుమానం ఉంటే ఫంక్షన్ అయ్యేదాకా ఆగకుండా ఎనిమిది, తొమ్మిదేళ్ళకే చూపించండి.

మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎత్తు, ఐజీఎఫ్-1, థైరాయిడ్ చూస్తారు. కుంటుతూ నడిచినా, మోకాలు నొప్పి అన్నా, తలనొప్పితో చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చెప్పాలి. ఎత్తు పెరగడం పూర్తయ్యాక, వేరే పిట్యూటరీ లోపం లేని పిల్లలకు ఇంజెక్షన్ కనీసం నెల రోజులు ఆపి మళ్ళీ పరీక్ష చేస్తారు. వాళ్ళలో చాలామందికి అప్పటికి హార్మోన్ మామూలుగానే వస్తుంటుంది, ఇంజెక్షన్ అక్కడితో ఆపేస్తారు.